బూబమ్మ పురుగుల సాక్ష్యం

బేస్తవారిపేటలో పురుగుమందుల దుకాణం నడిపే బ్రహ్మాన్ని వాదంలో గెలిచిన మనిషిని శ్రీశైలమ్మ తన డెబ్భై ఏళ్లలో ఒక్కరినే చూసింది. ఆ మనిషి మహమూదా. గెలిచింది కూడా నోటితో కాదు, రెండు టీ గ్లాసులతో.

ఆ రోజు శ్రీశైలమ్మ గొర్రెల ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్లకు మందు కోసం పోయింది. ఆమె కంటే ముందు యాకోబు నిలబడి ఉన్నాడు. అర ఎకరం మిరప కౌలుకు చేసే మనిషి, గొంతు పైకి లేవని మనిషి. నీలం మూత మందు మూడుసార్లు కొట్టినా పురుగు చావలేదని చెప్పడానికి వచ్చి, ఆ మాట పూర్తి కాకముందే చీవాట్లు తింటున్నాడు.

"కొట్టడం నీకు రాదు యాకోబూ. పొద్దెక్కినాక కొట్టినావు, నీళ్లు ఎక్కువ కలిపినావు. మందు కంపెనీది. మందుకేం రోగం?"

యాకోబు వెనక నుంచి మహమూదా ముందుకొచ్చింది. యాకోబు వాళ్ల పక్కింటి మనిషి. చేతిలో ఊరగాయ సీసా. సీసా నిండా నీళ్లు, నీళ్లలో నువ్వుగింజలో సగం కూడా లేని పురుగులు ఎగిరెగిరి పడుతున్నాయి.

"బ్రహ్మం, రెండు టీ గ్లాసులు తెప్పించు."

"టీ తాగుతావా బూబమ్మా?"

"నేను కాదు. ఇవి తాగుతాయి."

ఒక్కో గ్లాసులోకి పది పురుగుల చొప్పున పోసింది. యాకోబు తెచ్చిన మందులో చీపురుపుల్ల ముంచి ఒక గ్లాసులో తిప్పింది. బ్రహ్మం తన చేత్తో అర నుంచి తీసి, తన చేత్తోనే మూత విప్పిన ఇంకో మందులో ఇంకో పుల్ల ముంచి రెండో గ్లాసులో తిప్పింది. తర్వాత బెంచీ మీద బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. అరగంట గడిచేసరికి దుకాణం ముందు పదిమంది మూగారు. రెండో గ్లాసులో పురుగులన్నీ అడుక్కి చేరి వెల్లకిలా పడ్డాయి. యాకోబు గ్లాసులో పురుగులు పెళ్లికొచ్చిన పిల్లల్లా గంతులేస్తున్నాయి.

"ఎండకి చచ్చినాయి అవి," అన్నాడు బ్రహ్మం.

"రెండు గ్లాసులూ ఒక్క ఎండలోనే ఉన్నాయి కదా నాయనా."

"నీ పురుగుల్ని నమ్మి నేను మందు మార్చాల్నా?"

"నా పురుగులు అబద్ధం చెప్తాయా? వాటికి నీతో ఏం పగ? నీ దుకాణంలో ఎప్పుడన్నా బేరమాడినాయా?"

జనం నవ్వారు. బ్రహ్మం నవ్వలేదు. లోపలికి పోయి వేరే సీసా తెచ్చి యాకోబు చేతిలో పెట్టాడు. శ్రీశైలమ్మ గోమార్ల మందు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చింది. మర్నాడు అదే పని మీద మళ్లీ పోవాల్సి వచ్చినా ఆమెకు బాధ కలగలేదు. ఆమెకు ఇలాంటిది అరుదు.

ఆ మహమూదా ఎవరో చెప్పుకోవాలి.

కంభంలో పుట్టింది. నాయన గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. నాలుగో తరగతి వరకు చదివింది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కోత పని చేసే ఖాలిద్‌కు ఇచ్చి చేశారు. అతను రాతి దుమ్ము మింగి మింగి నలభై ఐదేళ్లకే దగ్గుతో పోయాడు. పిల్లలు లేరు. ఒక కాలేజీలో సీసాలు కడిగే పని దొరికితే చేరింది. జంతువుల చదువు చెప్పే గది. కప్పలూ బొద్దింకలూ మందులో నానుతుంటాయి. ఇరవై రెండేళ్లు అక్కడ కడిగింది. ఏ సీసాలో ఏముందో చదువుకున్నవాళ్లు చీటీ చూసి చెప్పేవాళ్లు, మహమూదా వాసన చూసి చెప్పేది.

ఆ గదిలో ప్రసన్న మేడం అని ఒకామె పాఠాలు చెప్పేది. పిల్లలకు చూపించడానికి ఈ నీటి పురుగుల్ని పెంచమని ఆమె మహమూదాకు అప్పజెప్పింది. ఆ పురుగు ఒళ్లు గాజులాంటిది. అద్దం కింద పెడితే లోపల గుండె కొట్టుకోవడం బయటికి కనిపిస్తుంది. రంగు చేపలు అమ్మేవాళ్లు వీటిని చేపలకు మేతగా వేస్తారు. మేడం మాత్రం వీటికే మేత వేయించింది. పేడనీళ్లు వడగట్టి, అందులో పాలచుక్క కలిపి.

ఉద్యోగం ముగిశాక మహమూదా అత్తగారి వైపు వాళ్లు వదిలేసిన చిన్న ఇంటికి వచ్చింది. బేస్తవారిపేట నుంచి ఆటోలో పావుగంట దూరం ఆ ఊరు. శ్రీశైలమ్మది కూడా అదే ఊరు. కాలేజీ వాళ్లు శాలువా కప్పి పంపారు. శాలువాతో పాటు పురుగుల సీసా కూడా తెచ్చుకుంది. పారబోస్తుంటే అడిగి తెచ్చుకుంది. ఇరవై రెండేళ్లు చూసుకున్నదాన్ని మురిక్కాలవలో ఎట్ల పోయమంటారు?

"వీటిలో మగవి ఏవి?" అని శ్రీశైలమ్మ మొదటిసారి చూసినప్పుడే అడిగింది. గొర్రెలవాళ్లకు ముందు ఆ లెక్క కావాలి.

"మగవి లేవక్కా. ఎప్పుడో నీళ్లు ఎండిపోయే కాలానికి నాలుగు పుడతాయి. మిగతా కాలమంతా ఆడది ఒక్కతే పిల్లల్ని పెడుతుంది. అన్నీ ఆడపిల్లలే, అన్నీ తల్లి అచ్చే. గుణం కూడా తల్లిదే."

"మగదిక్కు లేని సంసారమా? మరి కొట్లాట ఎవరితో?"

"అందుకే అంత సంతోషంగా గంతులేస్తున్నాయి."

ఆ మాటతో ఇద్దరికీ స్నేహం కుదిరింది. శ్రీశైలమ్మకు చదువు రెండో తరగతి. అంతకు మించి చదివినవాళ్లను చాలామందిని చూసింది. వాళ్లలో ఒక్కరికీ గొర్రె చెవి పట్టుకుని జ్వరం చెప్పడం రాదు. మహమూదాకు పురుగు గంతు చూసి నీళ్లు చెప్పడం వచ్చు. పని తెలిసిన మనిషి కాబట్టి కూర్చోమని పీట వేసింది. ఆ ఊళ్లో ఆమె పీట వేసిన మనుషులు తక్కువ.

బ్రహ్మం దుకాణం సంగతి ఊరంతా పాకాక, జనం మహమూదా ఇంటికి సీసాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. మందు సీసాలు కాదు, నీళ్ల సీసాలు. ఊరి పక్కన తుమ్మలకుంట ఉంది. చుట్టూ మిరప చేలు. మందు కొట్టిన వాళ్లంతా డ్రమ్ములు, స్ప్రేయర్లు ఆ కుంటలోనే కడుగుతారు. తాతల కాలంలో ఎద్దుల్ని కడిగిన చోట వీళ్లు డ్రమ్ములు కడుగుతున్నారు, అంతే తేడా. నల్ల తామర పురుగు దిగిన ఏడాది నుంచి మిరపకు వారానికొకసారి మందు. గొర్రెలు తాగేదీ ఆ కుంట నీళ్లే. అంతకుముందు తాగించాలో వద్దో ఎవరికీ తెలిసేది కాదు. గొర్రె పడిపోతే తెలిసేది.

మహమూదా పద్ధతి పెట్టింది. పొద్దున్నే కుంట నీళ్లు గ్లాసులో పోసి, పది పురుగుల్ని వదిలి, మధ్యాహ్నం నమాజు పిలుపు వినపడేదాకా ఆగేది. పదిలో ఎనిమిది ఆడుతుంటే నీళ్లు మంచివి. లేకపోతే నాలుగు రోజులు మందను అటు తోలొద్దు. పైసా తీసుకునేది కాదు. "బూబమ్మ సరే అన్నదా?" అన్నది గొర్రెలవాళ్ల మాట అయిపోయింది. రెండేళ్లలో ఆ కుంట నీళ్లకు ఒక్క గొర్రె పోలేదు. డ్రమ్ములు కడిగే అంకయ్య కూడా, "పరీక్ష చేసేదానికి బూబమ్మ ఉంది కదా, ఇంక మేం యాడ కడిగితే ఏంది?" అని ధైర్యంగా కడిగేవాడు. అంకయ్యకు ఆరెకరాల మిరప, రెండు మాటలు. ఒకటి పొద్దున్న, ఒకటి సాయంత్రం.

కిందటి మే నెలలో ఎండలు ముదిరి, కరెంటు పోయి, రేకుల ఇల్లు పెనంలా కాలింది. సీసాలకు తడిగుడ్డ చుట్టి మహమూదా ఎంత కాపాడినా మూడు రోజుల్లో కాలేజీ పురుగులన్నీ ఉడికిపోయాయి. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. శ్రీశైలమ్మ పోయి కూర్చుంది. ఓదార్చడం ఆమెకు రాదు కాబట్టి సలహా ఇచ్చింది.

"దూరం మందని తెచ్చి పెంచినావు, నిలవలేదు. గొర్రెలైనా అంతే. పైనుంచి కొనుక్కొచ్చిన గొర్రె మన ఎండకి, మన నీళ్లకి ఆగదు. ఊరి నీళ్లకి ఊరి జీవమే. వానలు పడనీ, తుమ్మలకుంట నుంచే పట్టుకో. అవి గట్టివి."

మహమూదా ఆలోచించింది. పురుగు పురుగే కదా. చూడటానికి అదే గాజు ఒళ్లు, అదే గంతు. జూన్ వానలకు కుంట నిండగానే పల్చటి గుడ్డతో వడకట్టి పట్టుకొచ్చింది. శ్రీశైలమ్మ చెప్పినట్టే అవి గట్టివి. మేత వెయ్యడం మర్చిపోయినా బతికేవి. మహమూదా మురిసిపోయింది. శ్రీశైలమ్మ, తన సలహా ఫలించినప్పుడు ఎప్పుడూ కూర్చునే తీరుగా, కొంచెం నిటారుగా కూర్చుంది.

ఆగస్టులో మిరప చేలకు మొదటి మందులు పడ్డాయి. కుంట దగ్గర డ్రమ్ములు వరసకట్టాయి. మహమూదా నీళ్లు తెచ్చి గ్లాసులో పోసింది. పదికి పదీ ఆడాయి. ఇంకా నయం, వానకు పల్చబడి ఉంటుంది అనుకుని సరే అంది. శ్రీశైలమ్మ కొడుకు కాటమరాజు నలభై గొర్రెల్ని కుంటకు తోలాడు.

సాయంత్రానికి తొమ్మిది గొర్రెలు నురగ కక్కి, కాళ్లు తన్నుకుని పోయాయి. ఇంకో రెండింటికి పశువుల డాక్టరు సుమన్ సూది మీద సూది వేసి నిలబెట్టాడు. సుమన్ కుర్ర డాక్టరు, కానీ పేగు కోసి చూడటానికి జంకని వాడు.

"ఇది పురుగుమందేనవ్వా. నీళ్లలోనే పోయింది లోపలికి."

"నీళ్లు మంచివని పరీక్ష అయినాయి కదయ్యా."

"ఏం పరీక్ష?"

శ్రీశైలమ్మ మహమూదా వైపు చూసింది. మహమూదా చేతిలో అదే గ్లాసు ఉంది. పొద్దున వేసిన పది పురుగులూ అందులో ఇంకా గంతులేస్తున్నాయి. డాక్టరు గ్లాసు పైకెత్తి, వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. "ఇవి బతికినాయి, అవి చచ్చినాయి. ఒకే నీళ్లు," అన్నాడు. ఆయనకు తెలిసింది అంతే. కనీసం తెలియనిది తెలిసినట్టు చెప్పలేదు.

ఆ రోజు నుంచి శ్రీశైలమ్మ మిగిలిన ముప్పై ఒక్క గొర్రెల్నీ రెండు మైళ్ల అవతల బోరు తొట్టికి తోలించింది. మహమూదాతో మాట్లాడటం మాత్రం మానలేదు. తిట్టనూ లేదు. ఊళ్లో అందరికీ ఇది వింతగా తోచింది. శ్రీశైలమ్మ ఇంట్లో పాలు విరిగితే పాలవాడి వంశం ఏడు తరాలు వినాల్సిందే. తొమ్మిది గొర్రెలు పోతే మాట లేదు. తిడదామని నోరు తెరిచినప్పుడల్లా ఆమెకు ఒకే మాట గుర్తొచ్చేది, "ఊరి నీళ్లకి ఊరి జీవమే" అని. అది ఎవరు చెప్పారో ఆమెకు బాగా తెలుసు.

మహమూదా నాలుగు రోజులు తలుపు తీయలేదు. ఐదో రోజు తీసి, సీసాలు కావాలంది. చిన్నవి, ముప్పై ఆరు. ఊళ్లో మగవాళ్లు దేనికైనా పనికొచ్చింది అదే మొదటిసారి. ఖాళీ క్వార్టర్ సీసాలు బస్తాలతో వచ్చిపడ్డాయి. మహమూదా "తౌబా తౌబా" అనుకుంటూ ఒక్కోదాన్నీ ఏడుసార్లు కడిగింది. అవి కడగడానికి ఇరవై రెండేళ్ల అనుభవం పనికొచ్చింది.

మూడు చోట్ల నుంచి పురుగుల్ని పట్టుకొచ్చింది. తుమ్మలకుంట నుంచి పన్నెండు తల్లులు. కంభం చెరువు అంచు నుంచి పన్నెండు. నల్లమల వైపు, మందు అన్న మాటే చేరని కొండ కింద రాతి గుంట నుంచి పన్నెండు. ఒక్కో తల్లికి ఒక్కో సీసా. గొర్రెలకు రంగు పూసి గుర్తు పెట్టినట్టు సీసాల మెడలకు దారాలు కట్టమని శ్రీశైలమ్మ చెప్పింది. కుంటవాటికి ఎరుపు, చెరువువాటికి పచ్చ, కొండవాటికి తెలుపు. మూడు వారాల్లో ఒక్కో సీసాలో ఒక్కో వంశం పెరిగింది.

తర్వాత అన్నింటిలోనూ ఒకే మందు, ఒకే లెక్క, సిరంజితో చుక్క. ఇద్దరూ చాప వేసుకుని కూర్చున్నారు.

నమాజు పిలుపు వచ్చేలోగా పన్నెండు తెల్ల దారం సీసాల్లో పదింటి పురుగులు అడుక్కి చేరాయి. సాయంత్రానికి పదకొండోది. పచ్చ దారంలో కొన్ని పోయాయి, కొన్ని తూలుతున్నాయి, కొన్ని బాగున్నాయి. ఎర్ర దారంలో ఒక్క సీసా మాత్రం పొద్దున్నే పోయింది. రెండు మర్నాటికి పోయాయి. మిగతా తొమ్మిదింటికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

"చూసినావా అక్కా," అంది మహమూదా. గొంతులో గెలుపు లేదు. "నేను మొండిదాన్ని పిలిచి, నొప్పిగా ఉందా అని అడుగుతున్నా ఇన్నాళ్లూ."

శ్రీశైలమ్మ చూపు మాత్రం పన్నెండో తెల్ల దారం సీసా మీద ఉంది. అందులో పురుగులు ఆడుతూనే ఉన్నాయి.

"ఇది కొండ నుంచి వచ్చింది కదా. మందు మొహం కూడా చూడలేదే. ఇదెట్ల బతికింది?"

"అదే నాకూ తెలియలా. పుట్టుకతోనే అట్ల పుట్టినట్టుంది."

శ్రీశైలమ్మకు తన మందలోని పాత గొర్రె ఒకటి గుర్తొచ్చింది. దాని సంగతి చెప్పడం మొదలుపెట్టింది. కాటమరాజు పాలు తాగే వయసులో మూతి వాచే రోగం వచ్చింది. ఎనభై గొర్రెల్లో పందొమ్మిది మిగిలాయి. వాటిలో ఒక జోడిపి గొర్రె, తెల్ల ఒళ్లు, కళ్ల కింద నలుపు. అది రోగపు గొర్రెల మధ్యే పడుకుంది, వాటి తొట్లోనే తాగింది. తుమ్మను కూడా తుమ్మలేదు. దాని పిల్లలకూ రాలేదు.

"రోగం వచ్చి దాన్ని గట్టిగా చెయ్యలేదు బూబమ్మా. అది గట్టిది కాబట్టి మిగిలింది. మెత్తనివి పోయినాయి, వాటి వంశం పోయింది. ఇయ్యాల నా దొడ్లో సగం దాని మనవరాళ్లే."

"అయితే నీ మందకి రోగం, నా కుంటకి మందు."

"అంతే. డ్రమ్ములు కడిగీ కడిగీ మెత్తనివన్నీ పోయినాయి. మొండివి మిగిలినాయి. మనం వాటిని సాక్ష్యానికి పిలిచినాం."

మనం అన్న మాట ఆమె నోటినుంచి తనకు తెలియకుండానే వచ్చింది. మహమూదా వినీ విననట్టు ఎర్ర దారం సీసాల్ని పక్కకు జరిపింది.

కొండ పురుగుల్లో ముందుగా చచ్చిన మూడు వంశాల్ని మహమూదా ఏరుకుంది. ప్రతి వంశం నుంచీ కొన్నింటిని ముందే వేరే సీసాల్లో దాచి ఉంచింది కాబట్టి అవి ఉన్నాయి. ఇక మీదట సాక్ష్యం వాటిదే. మర్నాడు కుంట నీళ్లు పోసి చూసింది. పావుగంటలో మూడు గ్లాసుల్లోనూ ఒక్కటి మిగల్లేదు.

పాల కేంద్రం దగ్గర పొద్దున్నే అందరూ ఉంటారు. మహమూదా అక్కడికి పోయి చెప్పింది. నా పరీక్ష తప్పు, ఆ నీళ్లు విషం, గొర్రెల్ని తోలొద్దు, డ్రమ్ములు అందులో కడగొద్దు, చేలోనే గుంత తీసుకుని కడుక్కోండి.

జనం ఆమెను ఎంతో ప్రేమగా చూశారు.

"బూబమ్మా, నువ్వు పెద్దమనిషివి," అన్నాడు అంకయ్య. "నీ పరీక్ష తప్పయ్యేది లేదు. రెండేళ్లు నీ మాట మీద ఊరు నడిచింది. ముసలి గొర్రెలు, ఏదో ఆకు తిని పోయింటాయి. దానికి నువ్వు మనసు కష్టపెట్టుకోబాక."

"నేను చూసినా అంకయ్యా. సీసాలు పెట్టి చూసినా."

"నీది మంచి మనసు కాబట్టి తప్పు నీ మీద వేసుకుంటున్నావు."

గుంత తీసి, అక్కడికి నీళ్లు మోసుకుని కడగాలంటే ఒక పూట పని. అంకయ్య మర్యాద వెనక ఆ పూట ఉంది. మస్తానయ్యది ఇంకో రకం. ఆయనకు తొంభై గొర్రెలు, సగానికి పైగా కడుపుతో ఉన్న సూడివి. కుంట పక్కనే దొడ్డి. ఆయన తోలడం ఆపలేదు. ఇప్పటిదాకా గొర్రె పోలేదు, ఎందుకంటే ఆయన మంద తాగేది అవతలి గట్టు వైపు. ఇంక పెద్ద మందులు పడే రోజులు వస్తున్నాయి. కుంట నీళ్లకు గట్లు తెలియవు.

"నీకు వయసైంది బూబమ్మా, భయం పట్టుకుంది," అన్నాడు మస్తానయ్య. "ముందు సరే అన్నావు చూడు, అప్పుడు నీ బుర్ర బాగుండె. నేను ఆ మాటే పట్టుకుంటా."

"ఆ మాటకే శ్రీశైలమ్మక్క గొర్రెలు పోయినాయి కదయ్యా!"

"శ్రీశైలమ్మ ఒక్క మాట అనలేదే నిన్ను? నిజంగా నీ తప్పైతే ఆ నోరు ఊరుకునేదా?"

ఆ మాటను మూటగట్టుకుని మహమూదా ఇంటికొచ్చింది. బేస్తవారిపేటలో బ్రహ్మం సంగతి సరేసరి. పదికి పదీ ఆడుతున్న గ్లాసు ఫోటో ఎవరో తీస్తే, దాన్ని ఫోన్లో పెట్టుకుని, "మా మందుకు గొర్రె కాదు కదా, నీటి పురుగు కూడా చావదు. బూబమ్మ పరీక్ష," అని చూపిస్తున్నాడు. ఆమెను అంతగా గౌరవించిన రోజు అంతకుముందు లేదు.

రెండు వానలు పడ్డాయి. మిరప పూతకొచ్చింది. సోమవారం నుంచి అంకయ్య చేలో పెద్ద మందు పడుతుందని, డ్రమ్ములు మాట్లాడుకున్నారని కాటమరాజు చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం మహమూదా శ్రీశైలమ్మ దొడ్డికి వచ్చింది. శ్రీశైలమ్మ పీట వేసింది. మహమూదా పీట మీద కూర్చోలేదు, కింద కూర్చుంది.

"మస్తానయ్య మందని చూసొచ్చినా అక్కా. నలభై తొమ్మిది సూడివి ఉన్నాయి."

"నేను లెక్క పెట్టకుండానే చెప్తా, యాభై ఒకటి. ఆయన మొండోడు. వినడు."

"వింటాడు. నా మాట వినడు గానీ నీ మాట వింటాడు."

"నేను చెప్పలేదా? బోరు తొట్టికి తోలుకోరా నాయనా అని రెండుసార్లు చెప్పినా."

"మంచిగా చెప్పినావు. నువ్వు మంచిగా చెప్తే ఎవరు నమ్ముతారు?"

శ్రీశైలమ్మ పక్కనున్న గొర్రెపిల్లను అక్కర్లేకపోయినా అదిలించింది.

"రేపు సంత," అంది మహమూదా. "అంకయ్య వస్తాడు, మస్తానయ్య వస్తాడు, బ్రహ్మం వస్తాడు. చుట్టుపక్కల గొర్రెలోళ్లంతా వస్తారు. అందరి మధ్యలో నన్ను తిట్టాల నువ్వు."

"ఏందీ?"

"తొమ్మిది గొర్రెలు నా మాటకే పోయినాయని తిట్టాల. నా పురుగులు దొంగ సాక్ష్యం చెప్పినాయని తిట్టాల. నేను సరే అన్న ఏ నీళ్లూ నమ్మబాకండి అని ప్రతి ఒక్కడికీ వినపడాల. నా పేరు పోతే గానీ ఆ మాట పోదక్కా."

శ్రీశైలమ్మ దొడ్డి గడియ వైపు చూసింది, నీళ్ల తొట్టి వైపు చూసింది. ఆమె జన్మలో తప్పు ఒప్పుకున్న మాట ఒక్కటి లేదు. మొగుడి దగ్గర లేదు, కోడలి దగ్గర లేదు.

"కుంట పురుగులు పట్టుకోమని చెప్పింది నేను కదే."

"తెలుసు."

"తెలిసీ అడుగుతున్నావా? అయితే అది కూడా చెప్తా రేపు. నన్ను నేనే తిట్టుకుంటా, ఏమైతది?"

"వద్దు. అది చెప్పినావంటే ఇద్దరి తప్పు అయితది. ఇద్దరి తప్పంటే ఎవరి తప్పూ కాదంటారు, అంకయ్య చేతులు దులుపుకుని కుంటకి పోతాడు. తప్పు ఒక్క మనిషి మీదే ఉండాల. వాళ్లు నమ్మింది నన్ను. నన్నే తిట్టు."

మహమూదా లేచి చీర దులుపుకుంది. పోతూ పోతూ, పెళ్లి వంటకు సరుకులు చెప్పినట్టు ఒక్కొక్కటీ చెప్పింది.

"నా మతం ఎత్తబాక. అది ఎత్తితే వేరే గొడవ అయితది, నీళ్ల సంగతి దాంట్లో కొట్టుకపోతది. ఖాలిద్ పేరు ఎత్తబాక, ఆయన పాపం, ఏం చేసినాడు? చెయ్యి చేసుకోబాక, వచ్చి విడిపిస్తారు, అంతటితో ఐపోతది. పురుగుల్ని ఎంతైనా తిట్టు, అవి ఏమనుకోవు. నీకు తిట్లు తగ్గితే ఆ కాలేజీ శాలువా గురించి అను, దాన్ని కప్పుకొనే వస్తా."

శ్రీశైలమ్మ లేచి తడిక తీసింది. మహమూదా తడిక దాటి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇంకొకటి అక్కా. నేను ఏడ్చినా ఆపబాక."